తాతయ్య పెట్టె అడుగున దొరికిన ఇత్తడి బిళ్ళ: ఏ కాలానిది, ఎంత విలువ చేస్తుంది?

పాతపెట్టె (శనివారం ఉదయం)

అందరికీ నమస్కారం. సికింద్రాబాదు చిలకలగూడలోని మా పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టబోతున్నాం. సామాను సర్దుతుంటే అటక మీది నుంచి తాతయ్య (మా నాన్నగారి నాన్న) ట్రంకుపెట్టె దిగింది. లోపల నాలుగు పంచెలు, ఒక గొడుగు పిడి, దారంతో కట్టిన కాగితాల కట్ట. అన్నిటికీ అడుగున ఖాకీ గుడ్డలో చుట్టిన ఇత్తడి బిళ్ళ.

బిళ్ళ కోడిగుడ్డు ఆకారంలో ఉంది. పొడవు 7 సెంటీమీటర్లు, వెడల్పు 5. వంటింటి త్రాసు మీద 58 గ్రాములు తూగింది. పైన ఎన్.ఎస్.ఆర్. అని పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. వాటి కింద ఇంకో మూడు అక్షరాలు ఉన్నాయి గాని బాగా అరిగిపోయాయి. మధ్యలో 412 అనే అంకె. అడుగున ఉర్దూలో ఒక వరుస. వెనక రెండు కొక్కేలు. కుడివైపు అంచు మాత్రం బాగా అరిగి, దాని నిండా చిన్న చిన్న నొక్కులు పడ్డాయి. ఎడమ అంచు నున్నగా, చెక్కుచెదరకుండా ఉంది.

తాతయ్య రైల్వేలో పనిచేశారని నాన్నగారు చెప్పేవారు. కాదు, బస్సు కండక్టరని మా వీధిలో పెద్దవాళ్ళు అంటారు. పాత సామాన్లు కొనే అతను తూకానికి ఇవ్వమన్నాడు. ఒక పాత వస్తువుల దుకాణంలో 1,500 రూపాయలు ఇస్తామన్నారు. అంతర్జాలంలో చూస్తే ఇలాంటి బిళ్ళ ఒకదానికి 25,000 అని పెట్టి ఉంది. ఇందులో ఏది నమ్మాలి? అసలు ఇది ఏమిటి? మా అత్తగారు చింతపండుతో తోమి ఇస్తానంటున్నారు, తోమించి ఫొటోలు పెడతాను.

రాగిపైసా

తోమించకండి. దయచేసి ఆ బిళ్ళను చింతపండు దగ్గరికి వెళ్ళనివ్వకండి. మిగతా సంగతులు తరవాత మాట్లాడుకుందాం.

పాతపెట్టె

ఆపేశాను. కాని కారణం చెప్పండి, అత్తగారికి నేను చెప్పుకోవాలి. దేవుడి గది కుందులన్నీ ఆవిడ అలాగే తోముతారు, ఏ నష్టమూ జరగలేదు.

రాగిపైసా

కుందులు వాడుకునేవి, మళ్ళీ మళ్ళీ తోముకోవచ్చు. ఈ బిళ్ళ మీద ఉన్న గోధుమ, నలుపు కలిసిన రంగు అలా కాదు. దశాబ్దాల పాటు గాలి తగిలి ఏర్పడిన పైపొర అది. చింతపండులోని పులుపు ఆ పొరను కరిగిస్తుంది, ఇత్తడిలోని జింకును కూడా కొంచెం లాగేస్తుంది. తోమిన ఇత్తడి ఒక్కోసారి ఎర్రబారి రాగిలా కనిపించడానికి కారణం అదే. ఒకసారి పోయిన పొర మళ్ళీ రావాలంటే ఇంకో డెబ్బై ఏళ్ళు ఆగాలి. పైగా అరిగిపోయిన ఆ మూడు అక్షరాల ఆనవాళ్ళు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ పొర కింది సందుల్లోనే ఉంటాయి. తోమితే అవీ పోతాయి.

ఆకుపచ్చ చిలుము ఉంటే పొడి మెత్తని బ్రష్షుతో దులపండి, అంతవరకే. రబ్బరు బ్యాండు చుట్టకండి. మెత్తటి ప్లాస్టిక్ సంచీలో పెట్టకండి, అందులోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి ఇత్తడిని తినేస్తుంది. ఉతికిన నూలుగుడ్డ చాలు.

దూరతీరం

నేను ఇంగ్లండులో ఉంటాను, ఇక్కడి రైల్వే వేలాలు చూస్తుంటాను. ఎన్.ఎస్.ఆర్. అంటే నార్త్ స్టాఫర్డ్‌షైర్ రైల్వే. దాని గుండీలు, దీపాలు, బిళ్ళలు ఇక్కడ మంచి ధరకు పోతాయి. మీ తాతగారి చేతికి ఎలా వచ్చిందో గాని, తొందరపడి అమ్మకండి. నాకు పంపితే ఇక్కడ వేలంలో పెట్టిస్తాను.

పట్టాలపక్కన

దూరతీరం గారూ, మీ ఉద్దేశం మంచిదే. ఆ మూడక్షరాలతో వెతికితే ముందు వచ్చేది ఆ కంపెనీయే, చాలామంది అక్కడే ఆగిపోతారు. కాని నార్త్ స్టాఫర్డ్‌షైర్ రైల్వే 1923లో పెద్ద కంపెనీలో కలిసిపోయింది. దాని సిబ్బంది బిళ్ళ మీద ఉర్దూ వరుస ఉండే అవకాశం లేదు. చిలకలగూడలో దొరికిన వస్తువుకు అంత దూరం వెళ్ళనక్కర్లేదు. ఇంటి ముందు పట్టాలు వేసిన కంపెనీ పేరే అది: నిజాం స్టేట్ రైల్వే.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. వాడి నుంచి సికింద్రాబాదుకు లైను 1874లో తెరిచారు. అప్పటి పేరు నిజాం స్టేట్ రైల్వే. 1880లలో లండన్‌లో పెట్టిన కంపెనీ చేతికి వెళ్ళింది, పెట్టుబడి మీద వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది కాబట్టి పేరులో 'గ్యారంటీడ్' చేరింది. అప్పటి వస్తువుల మీద ఎన్.జి.ఎస్.ఆర్. అని నాలుగక్షరాలు ఉంటాయి. 1930లో ప్రభుత్వం దాన్ని తిరిగి తీసుకుంది, 'జి' పోయింది, మళ్ళీ ఎన్.ఎస్.ఆర్. అయింది. 1951 నవంబరులో సెంట్రల్ రైల్వేలో కలిసింది. దక్షిణ మధ్య రైల్వే ఇంకా తరవాత, 1966 అక్టోబరు 2న ఏర్పడింది.

కాబట్టి ఒక్క 'జి' ఉండటం, లేకపోవడం చూసి కాలం చెప్పవచ్చు. మీ బిళ్ళ 1930–1951 మధ్యదన్నా అయి ఉండాలి, మరీ మొదటి రోజులదన్నా అయి ఉండాలి. ఈ రెంటిలో ఏదో తేల్చేది ఆ అరిగిన అక్షరాలే.

వాటిని చదవడానికి రెండు పనులు చేయండి. రాత్రిపూట గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చిని బిళ్ళ పక్కనే, దాదాపు నేలబారుగా పెట్టి ఫొటో తీయండి. పైనుంచి వెలుగు పడితే కనిపించని గీతలకు పక్కనుంచి పడితే నీడలు వస్తాయి. టార్చిని నాలుగు వైపులా తిప్పి నాలుగు ఫొటోలు తీయండి. రెండోది, పలుచని తెల్ల కాగితం బిళ్ళ మీద పరిచి, మెత్తటి పెన్సిలును అడ్డంగా పడుకోబెట్టి తేలిగ్గా రుద్దండి. చిన్నప్పుడు నాణేల మీద చేసేవాళ్ళమే, అదే.

పాతపెట్టె (ఆదివారం రాత్రి)

చేశాను. మా అమ్మాయి టార్చి పట్టుకుంది. ఎడమవైపు నుంచి వెలుగు వేసినప్పుడు మొదటి అక్షరం 'ఆర్' అని తేలింది. పెన్సిలు రుద్దితే చివరిది 'డి' అని వచ్చింది. మధ్యది ఒక నిలువు గీత, దాని నెత్తిన అడ్డగీత లాంటిది. 'ఐ' గాని 'టి' గాని కావచ్చు. ఫొటోలు జతచేశాను.

పట్టాలపక్కన

'టి'యే. ఆర్.టి.డి. అంటే రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్. ఈ ఫొటో చూసి నాకు ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

మీ నాన్నగారు చెప్పిందీ నిజమే, వీధిలో పెద్దలు చెప్పిందీ నిజమే. నిజాం రాజ్యంలో బస్సులు నడిపింది రైల్వేయే. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే కింద ఈ విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు అవి. 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదు బస్ భవన్‌లో ప్రదర్శనకు ఉంది, మీ అమ్మాయిని తీసుకెళ్ళి చూపించండి. అంటే బస్సు కండక్టరు కూడా రైల్వే ఉద్యోగే. 1951 నవంబరులో ఈ విభాగం రైల్వే నుంచి విడిపడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టింది.

ఎన్.ఎస్.ఆర్., ఆర్.టి.డి. రెండూ కలిసి ఒకే బిళ్ళ మీద ఉన్నాయంటే అది 1932 జూన్‌కు ముందుది కాదు, 1951 తరవాతది కాదు. పందొమ్మిదేళ్ళ కిటికీ దొరికింది.

ఇంకొక్క మాట. మొదట్లో ఉద్యోగులు 166 మందే. మీ నంబరు 412. బిళ్ళల అంకెలు వరుసగా ఇచ్చి ఉంటే ఇది మొదటి ఏడాదిది కాదు, విభాగం పెరిగాక ఇచ్చింది.

హాలీసిక్కా

ఉర్దూ వరుస నేను చదవగలను. 'రైల్వే సర్కారే ఆలీ' అని ఉంది. సర్కారే ఆలీ అంటే నిజాం ప్రభుత్వం. అప్పటి కాగితాల మీద 'మమాలికె మహ్రూసా సర్కారే ఆలీ' అని కనిపిస్తుంది, నిజాం ఏలుబడిలోని ప్రాంతాలని అర్థం. కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు చెప్పిందే ఉర్దూ కూడా చెబుతోంది.

మా తాతగారు తాలూకా కచేరీలో బిళ్ళ బంట్రోతు. భుజం మీదుగా అడ్డంగా వేసుకున్న పట్టాకు ఇలాంటి బిళ్ళే ఉండేది, దానికంటే పెద్దది. ఆ బిళ్ళను ఉర్దూలో చప్రాస్ అంటారు, చప్రాసీ అన్న మాట అందులోంచే వచ్చింది. మనిషికి పేరు బిళ్ళను బట్టి వచ్చిందన్నమాట. ఆ బిళ్ళ మా ఇంట్లో ఇప్పుడు లేదు. బిందె కొనుక్కుంటూ పాత ఇత్తడి కింద వేసేశారు. మీకు ఇది దొరికినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

గీటురాయి

అందరూ సంతోషిస్తున్నారు, నేను కూడా సంతోషించాలనే కోరుకుంటున్నాను. కాని ముందు ఇది అసలుదో కాదో చూద్దాం. రైల్వే బిళ్ళలకు నకళ్ళు పోసి అమ్మేవాళ్ళు ఉన్నారు, నేను కూడా ఒకసారి మోసపోయాను. పాతపెట్టె గారూ, కొన్ని ప్రశ్నలు.

అక్షరాల అంచులు గోటితో తడిమితే పదునుగా తగులుతున్నాయా, కరిగిన మైనంలా గుండ్రంగా ఉన్నాయా? అచ్చుతో నొక్కిన వస్తువుకు అంచు పదునుగా ఉంటుంది. అసలు వస్తువు మీద అచ్చు తీసి మళ్ళీ పోత పోస్తే ఆ పదును పోతుంది, చదునుగా ఉన్న చోట సూదిమొన అంత గుంటలు కనిపిస్తాయి. ఆ కాలంలో పోత బిళ్ళలు కూడా చేసేవారు కాబట్టి పోత అయినంత మాత్రాన నకిలీ అనను. మిగతా వాటితో కలిపి చూడాలి.

412 అంకెలు ఒకే వరుసలో, ఒకే లోతులో ఉన్నాయా? బిళ్ళలు ముందు ఒకే తీరుగా చేయించి, నంబరు మాత్రం ఇచ్చేటప్పుడు ఒక్కో అంకెను సుత్తితో కొట్టేవారు. అందుకని అసలు వాటిలో ఒక అంకె కొంచెం పైకి, ఒకటి కొంచెం వంకరగా ఉంటుంది. వెనక తడిమితే కొట్టిన చోట చిన్న ఉబ్బు తెలుస్తుంది. నకలులో అంకెలు కూడా అక్షరాలతో పాటే పోతలో వస్తాయి, ఉబ్బు ఉండదు.

నలుపు ఎక్కడ ఉంది? నిజంగా వాడిన వస్తువుకు ఎత్తుగా ఉన్న భాగాలు చేతులు తగిలి మెరుస్తాయి, సందుల్లో నలుపు నిలుస్తుంది. రసాయనంలో ముంచి పాతదనం తెప్పించినదానికి అంతటా ఒకే రంగు ఉంటుంది.

ఇక ఒకే అంచు అరగడం నాకు నచ్చలేదు. పట్టాకు వేలాడే బిళ్ళకు వెనకవైపు గుడ్డ రాపిడి ఉండాలి గాని, పక్క అంచుకు నొక్కులు ఎందుకు పడతాయి? ఎవరైనా ఆకురాయితో అరగదీశారేమో. దీనికి కారణం దొరికేదాకా నేను లోపం కిందే లెక్క వేస్తాను.

పాతపెట్టె (సోమవారం)

అక్షరాల అంచులు గోటికి తగులుతున్నాయి. 4, 1 ఒక వరుసలో ఉన్నాయి, 2 మాత్రం కిందికి జారి కుడివైపు ఒరిగింది. మీరు చెప్పాక వెనక తడిమాను, మూడు ఉబ్బులు తెలిశాయి! వెనక కొక్కేల చుట్టూ నున్నగా అరిగింది. నలుపు సందుల్లోనే ఉంది. అంచు సంగతి మాత్రం నాకూ అర్థం కావడం లేదు.

కాగితాల కట్ట విప్పాను. ఎక్కువ భాగం ఇంటి పన్ను రసీదులు. ఒకటి మాత్రం సగం ఉర్దూలో, సగం ఇంగ్లీషులో అచ్చువేసిన చీటీ, అరచేయంత ఉంది. జీతం చీటీలా ఉంది. '21' అని ఒక చోట, '1349' అని ఒక చోట ఇంగ్లీషు అంకెలు ఉన్నాయి. మిగతాది చేతిరాత ఉర్దూ. ఫొటో పెట్టాను.

రాగిపైసా

1349 అంటే హిజ్రీ సంవత్సరం అయి ఉంటుంది. అంటే 1930–31. ఇంకా పాతదే!

హాలీసిక్కా

రాగిపైసా గారూ, ఇక్కడ చాలామంది పొరబడతారు. 1930–31లో ఆ బస్సు విభాగమే లేదు, పట్టాలపక్కన గారు చెప్పినట్లు 1932 జూన్‌లో పుట్టింది. పుట్టని విభాగం జీతం ఎలా ఇస్తుంది?

ఇది హిజ్రీ కాదు, ఫసలీ. నిజాం రాజ్యంలో కచేరీ లెక్కలన్నీ ఫసలీలోనే నడిచేవి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1349కి 590 కలిపితే 1939. ఏడాది అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది కాబట్టి ఫసలీ 1349 అంటే 1939 అక్టోబరు నుంచి 1940 అక్టోబరు దాకా.

అనుమానం తీరడానికి నెల పేరు చూడండి. చేతిరాతలో 'బహమన్' అని ఉంది. మొహర్రం, సఫర్, రంజాన్ వంటివి హిజ్రీ నెలలు. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్ పారశీక పేర్లు, ఫసలీకి వాడేవారు. బహమన్ మూడో నెల, కాబట్టి ఈ చీటీ 1939 డిసెంబరు ప్రాంతానిది.

21 రూపాయలు హాలీ సిక్కా, మన తాతలు 'హాలీ' అని పిలిచిన నిజాం రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు సర్కారు రూపాయలకు సమానం. ఆ లెక్కన మీ తాతగారి నెల జీతం 18 కల్దార్, అంటే ఇంగ్లీషు సర్కారు రూపాయలు.

ఇప్పుడు చీటీ పైన కుడి మూల చూడండి. ఎర్ర సిరాతో ఏదో గీత గీసినట్లు ఉంది కదా, అది గీత కాదు. ఉర్దూ అంకెలు. నాలుగు, ఒకటి, రెండు. 412.

పాతపెట్టె

మూడు రోజులుగా ఆ ఎర్ర గీతలు చూస్తూనే ఉన్నాను. మరక అనుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి.

పట్టాలపక్కన

ఆ చీటీని ల్యామినేషన్ చేయించకండి! ముందే చెబుతున్నాను, ఎందుకంటే మనవాళ్ళు మొదట చేసే పని అదే. వేడికి కాగితం పెళుసవుతుంది, ఆ ప్లాస్టిక్ మళ్ళీ ఊడి రాదు. సెల్లోటేపు కూడా వద్దు. మడత విప్పి, ఆమ్లం లేని కాగితాల మధ్య పరిచి, అట్టపెట్టెలో ఉంచండి.

గీటురాయి

సరే, నా అనుమానం చాలావరకు తీరింది. నకలు చేసేవాడు పెట్టెలో జీతం చీటీ కూడా పెట్టి వెళ్ళడు. ఇక ధర సంగతి.

మీరు చూసిన 25,000 అడిగిన ధర. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు, ఆ వస్తువు ఏడాదిగా అక్కడే ఉండి ఉండవచ్చు. అమ్ముడైన ధరలు మాత్రమే చూడండి. వేలం సంస్థలు ముగిసిన వేలాల ఫలితాలు పెడతాయి. అక్కడ కూడా సుత్తి దెబ్బకు పలికిన ధర వేరు, దాని మీద కొన్నవాళ్ళు కట్టే కమిషను వేరు, అమ్మినవాళ్ళ నుంచి కోసుకునేది వేరు. మీ చేతికి వచ్చేది ఈ కోతల తరవాత మిగిలింది. దుకాణదారు 1,500 అన్నది మోసమని నేను అనను. అతను మళ్ళీ అమ్ముకోవాలి, ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు, సగానికి తక్కువే ఇస్తాడు. తూకానికి అడిగిన అతని లెక్కలో అయితే మీ 58 గ్రాములకు రెండు ప్లేట్ల ఇడ్లీ కూడా రాదు.

ఇలాంటి వస్తువుకు కొనేవాళ్ళు మూడు గుంపులుగా ఉంటారు. రైల్వే వస్తువులు సేకరించేవాళ్ళు, హైదరాబాదు సంస్థానపు నాణేలు, తపాలా బిళ్ళలు, 1918 నుంచి వచ్చిన నిజాం నోట్లు సేకరించేవాళ్ళు, బస్సుల మీద ప్రేమ ఉన్నవాళ్ళు. మూడో గుంపు చిన్నది గాని పట్టుదల ఎక్కువ. మీ బిళ్ళ మూడు గుంపులకూ పనికొస్తుంది, అది దాని బలం. రైల్వే సిబ్బంది వేలల్లో ఉండేవారు, బస్సు విభాగం చిన్నది కాబట్టి ఆర్.టి.డి. బిళ్ళలు అరుదు. నేను పాతికేళ్ళలో చేత పట్టుకున్నవి రెండే.

బిళ్ళ ఒక్కటే వస్తే నేను 5,000 దాకా ఇస్తాను. అరిగిన అక్షరాలు, దెబ్బతిన్న అంచు లేకపోతే ఇంకా పైకి వెళ్ళేవాణ్ణి. అదే నంబరున్న చీటీతో కలిపి వస్తే 12,000 ఇస్తాను, ఆలోచించకుండా. ఇది నా జేబు లెక్క మాత్రమే, మరొకరు మరోలా చెప్పవచ్చు. కాని ఆ రెంటినీ విడదీసి అమ్మారంటే రెండూ పడిపోతాయి. చీటీ లేని బిళ్ళ మీద 412 ఒట్టి అంకె. బిళ్ళ లేని చీటీ ఒట్టి పాత కాగితం.

దూరతీరం

నా మొదటి మాట తప్పని ఒప్పుకుంటున్నాను, దిద్దినందుకు కృతజ్ఞతలు. అయితే ఇప్పుడు నాకే కొనాలని ఉంది. గీటురాయి గారు చెప్పిన ధరకు పైన ఇస్తాను. తపాలాలో పంపగలరా?

హాలీసిక్కా

ఇక్కడ చట్టం ఉంది, చూసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన వస్తువు పురావస్తువు. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకు తప్ప ఎవరికీ లేదు. బిళ్ళ ఎంత వెనక్కి జరిపినా 1932 దాటదు, ఇంకా నూరేళ్ళు నిండలేదు. కాని అదే చట్టంలో చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకు, దస్తావేజులకు గడువు 75 ఏళ్ళే. 1939 నాటి చీటీ ఆ గడువు ఎప్పుడో దాటింది. బిళ్ళకు వర్తించని నిబంధన కాగితానికి వర్తించవచ్చు. పంపాలనుకుంటే ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ వాళ్ళకు చూపించి, పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవాలి. అది లేకుండా తపాలా పెట్టె దగ్గరికి వెళ్ళవద్దు.

నా మనసులో మాట కూడా చెబుతాను. ఈ రెండూ ఈ ఊరు దాటకూడదు. దూరతీరం గారు మన్నించాలి.

దూరతీరం

మన్నించడానికి ఏముంది. మీరన్నదే సబబు. ఫొటోలు మాత్రం పెద్దవి పెట్టండి.

పట్టాలపక్కన

పాతపెట్టె గారూ, అమ్మినా అమ్మకపోయినా ఒక పని చేయండి. తార్నాకలో రాష్ట్ర అభిలేఖాగారం ఉంది, నిజాం ప్రభుత్వపు దస్త్రాలు అక్కడ ఉన్నాయి. ఏటా అచ్చువేసిన పరిపాలనా నివేదికల్లో రైల్వే, రోడ్డు రవాణా లెక్కలు వస్తాయి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, పాత ఆసఫియా లైబ్రరీ, 1891 నుంచి ఉంది. అక్కడ కూడా అడగండి. ఫసలీ 1349 అని అడిగితే వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది, 1939 అంటే వెతకడానికి ఆలస్యమవుతుంది. ఉర్దూ చదివేవారిని వెంట తీసుకెళ్ళండి.

అన్నిటికంటే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. దస్త్రం రేపు కూడా అక్కడే ఉంటుంది.

పాతపెట్టె (గురువారం రాత్రి)

మా మేనత్త ఉన్నారు, నాన్నగారి అక్క. ఎనభై నాలుగేళ్ళు, అల్వాల్‌లో ఉంటారు. నిన్న సాయంత్రం బిళ్ళ పట్టుకుని వెళ్ళాను. ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టాను. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు, వేలితో ఆ అరిగిన అంచు తడిమి, "నాన్న బిళ్ళ" అన్నారు.

గీటురాయి గారూ, మీ ప్రశ్నకు జవాబు దొరికింది. తాతయ్య బస్సులో డ్రైవరుకు సైగ చేయడానికి ఈ బిళ్ళ వాడేవారట. పట్టా నుంచి ఒక కొక్కెం విప్పి, కుడి అంచుతో బస్సు రేకు మీద కొట్టేవారు. ఒక దెబ్బ కొడితే ఆపాలి, రెండు కొడితే కదలాలి. జనం కిక్కిరిసినప్పుడు నోటితో "హోల్డాన్" అని అరిచినా ముందుకు వినిపించేది కాదట. అత్తయ్య చిన్నప్పుడు సెలవు రోజుల్లో అదే బస్సెక్కి వెనక కూర్చునేవారు. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టడం ఆవిడ ఆట.

మరి బిళ్ళ ఆఫీసుకు తిరిగి ఇవ్వాలి కదా, ఇంట్లో ఎలా ఉందని అడిగాను. శాఖ చేతులు మారినప్పుడు కొత్త బిళ్ళలు ఇచ్చారట. పాతవి అప్పగించమన్నప్పుడు తాతయ్య పోయిందని చెప్పి, జుర్మానా కట్టి దాచుకున్నారట. ఎంత కట్టారో అత్తయ్యకు గుర్తు లేదు. "అమ్మ ఆ నెలంతా నాన్నతో మాట్లాడలేదు" అన్నారు.

గీటురాయి

ఆ అంచును నేను లోపమన్నాను. మాట వెనక్కి తీసుకుంటున్నాను. బిళ్ళ మొత్తం మీద అన్నిటికంటే విలువైన చోటు అదే.

అంచు ఫొటో దగ్గరగా తీయండి, పక్కన కొలబద్ద పెట్టి. అత్తయ్య గారు చెప్పింది ఆవిడ చేతనే రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకోండి. ఆవిడ ఏ ఏడాది పుట్టారో, ఏ ఏడాది నుంచి ఆ బస్సెక్కారో కూడా రాయించండి. మీరు అమ్మరని నాకు అర్థమైంది, అయినా రాయించండి.

పాతపెట్టె

అమ్మను. మా అమ్మాయి అప్పుడే తన పేరు మీద రాసుకుంది.

అత్తయ్య రాయడం మొదలుపెట్టారు. ఇప్పటికి ఒకటిన్నర పేజీ అయింది. బస్సు ఏ దారిలో వెళ్ళేదో గుర్తు తెచ్చుకోవడానికి మంచం పట్టె మీద బిళ్ళతో రెండుసార్లు కొట్టి, కళ్ళు మూసుకుని ఒక్కో స్టాపు పేరు చెబుతున్నారు. నాలుగో స్టాపు దగ్గర ఆగిపోయారు. మళ్ళీ రేపు వెళతాను.

పట్టాలపక్కన

మొదటి మూడు స్టాపుల పేర్లు ఇప్పుడే రాసి పెట్టండి, రేపటి దాకా ఆగకండి. పాత దారుల పటం నా దగ్గర ఒకటి ఉంది, తీసి ఉంచుతాను.